ఒక కాగితానికి ఒకే విషయం

నేను రాసింది ఒకే ఒక్క లైను. ఆ తర్వాత జరిగినదానికీ నాకూ సంబంధం లేదని ఒట్టేసి చెప్పేవాణ్ణే. కానీ ఆ లైనుకే నాకు శాలువా కప్పిన ఫొటో మా ఆఫీసు గోడ మీద ఇంకా వేలాడుతోంది. కాబట్టి సాకులు వెతక్కుండా, జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను.

మాది పడకల కేటాయింపు డైరెక్టరేటు. ఏ ఆసుపత్రిలో ఏ పడక ఏ రోగికి ఏ రోజు అన్నది తేల్చే కార్యాలయం. నేనందులో ఏడేళ్ళుగా తాత్కాలిక ప్రోగ్రామర్ని. డయాలసిస్ రోగులకు ముందురోజు ఫోనుకు ఒక లింకు వెళుతుంది. నొక్కితే పడక ఖాయం. ఆ లింకు ఇలా ఉంటుంది:

/డయాలసిస్/పడక/6?కార్డు=4471&వారం=సోమ

ప్రశ్న గుర్తుకు ముందున్నది దారి, అంటే ఎక్కడికి వెళ్ళాలో. తర్వాతున్నది వివరం, అంటే ఎవరికి ఏం కావాలో. రూబీ అనే కంప్యూటర్ భాషలో ఈ రెంటినీ విడదీయడానికి నేను రాసిన లైను ఇదీ:

దారి, వివరం = లింకు.split("?", 2)

అంతే. ప్రశ్న గుర్తు దగ్గర విరిచి రెండు ముక్కలు చేస్తుంది. ఆ తర్వాతి లైన్లు మొదటి ముక్క చూసి పడక దగ్గరికి వెళతాయి, రెండో ముక్క చూసి ఆ పడక మీద పేరు రాస్తాయి. కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోయే పని. మూడేళ్ళు ఎవరి కంటా పడకుండా జరిగింది. మా ఆఫీసులో ఎవరి కంటా పడకపోవడాన్ని మించిన క్షేమం లేదు.

కార్డు నంబరు 4471 కర్రి ఢిల్లేశ్వరరావుది. జీడితోటల పక్క ఊరు. కిడ్నీలు రెండూ పోయాయి. సోమవారం, గురువారం యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఒక విడత తప్పితే కాళ్ళకు నీరొస్తుంది, రెండో విడత తప్పితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మూడో విడత మాట వాళ్ళింట్లో ఎవరూ ఎత్తరు. ఆయన భార్య హేమసుందరి జీడిపిక్కలు ఒలిచే పనికి వెళుతుంది. సహాయం కోసం ఇచ్చిన నంబరు నాదే కాబట్టి నన్ను తన ఫోనులో ఎవరిచేతనో 'మంచం బాబు' అని పెట్టించుకుంది. లింకు నొక్కిన ప్రతిసారీ ఫోను చేస్తుంది.

"మంచం బాబూ, నొక్కీసినాను. పడిందేటి?"

"పడిందమ్మా."

"అయితే సరే." ఠక్కున పెట్టేస్తుంది. మూడేళ్ళలో ఆవిడ నాతో మాట్లాడిందంతా కలిపితే ఒక పేజీ కాదు.

ఇలా ఉండగా మాకు కొత్త డైరెక్టరు వచ్చారు. శేషావతారం గారు. వచ్చిన మొదటి రోజే పాత బీరువాలోంచి చెదలు కొట్టిన కార్యాలయ విధానాల పుస్తకం తీయించి, దులిపించి, బల్ల మీద పెట్టుకున్నారు. అందులో పద్నాలుగో నిబంధన ఆయనకు ప్రాణం. 'ఒక కాగితమందు ఒకే విషయముండవలెను. రెండు విషయములున్న కాగితమును విడదీసి, వేర్వేరు విభాగములకు, వేర్వేరు నంబర్లతో పంపవలెను.' ఎవరైనా సెలవు చీటీలో జ్వరమనీ, తిరిగి సోమవారం వస్తాననీ రాస్తే, జ్వరం ఒక విషయం, రావడం ఇంకో విషయమని వెనక్కి పంపేవారు.

ఆయన కంప్యూటరు ముట్టుకోరు. అన్నీ అచ్చువేయించి చదువుతారు. ఒకరోజు లింకు కూడా అచ్చు వేయించమన్నారు. చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. నన్ను పిలిపించారు.

"ఇందులో రెండు విషయాలున్నాయి" అన్నారు.

"అవును సార్. దారి, వివరం."

"నీకు తెలుసన్నమాట! తెలిసి కూడా మూడు సంవత్సరములుగా ఒకే లింకులో పంపుచున్నావన్నమాట!"

"పంపేటప్పుడు కలిసే ఉంటాయి సార్. వచ్చాక మన కంప్యూటరు విడదీస్తుంది" అని నా లైను చూపించాను.

ఆయన మొహం వెలిగిపోయింది. లేచి నిలబడ్డారు. పక్కనున్న సూపరింటెండెంటు గుంపస్వామి కూడా ఎందుకో తెలియకుండానే లేచి నిలబడ్డాడు. "పద్నాలుగో నిబంధనను యంత్రమునకు సైతం నేర్పిన ఏకైక ఉద్యోగివి నీవు" అన్నారు డైరెక్టరు గారు. మర్నాడే సభ పెట్టి శాలువా కప్పారు. సిగ్గులేకుండా కప్పించుకున్నాను. ఏడేళ్ళలో నా పేరు ఎవరైనా మైకులో పలకడం అదే మొదలు మరి.

సభ అయ్యాక అసలు విషయం అడిగారు. "విడదీసిన పిమ్మట ఆ రెండు ముక్కలు ఏమగును?"

"మళ్ళీ రెంటినీ కలిపి చూసి, పడక మీద పేరు రాస్తాం సార్."

"కలిపి!" అన్నారాయన, చెవులు మూసుకోవడం ఒక్కటే తక్కువ. "విడదీయుటకు నిబంధన ఉన్నది. కలుపుటకు నీకు అధికారము ఎవరిచ్చినారు?"

ఎవరూ ఇవ్వలేదు. నిజానికి ఈ ప్రపంచంలో ఎవరికీ ఎవరూ ఇచ్చి ఉండరు. అయినా ఆయన చూపు చూశాక, ఇవ్వలేదు సార్ అని తల వంచుకున్నాను. ప్రయోగంగా ముందు బయటి రోగుల ఓపీ చీటీల లింకులకు, నా లైను తప్ప తర్వాతి లైన్లన్నీ తీసేయమన్నారు. తీసేశాను. ఇక్కడే నేను అడ్డం తిరగాల్సింది. శాలువా ఇంకా భుజం మీదే ఉంది, తిరగలేదు.

అప్పటినుంచి కింది అంతస్తులో దారి విభాగం, రెండో అంతస్తులో వివరాల విభాగం వెలిశాయి. మా కార్యాలయంలో అచ్చుకాని దానికి ఉనికి లేదు గనక, వచ్చిన ప్రతి లింకునూ కాగితం మీద అచ్చు వేసి, ప్రశ్న గుర్తు దగ్గర కత్తెరతో కత్తిరించేవారు. ముందు ముక్క కిందికి, వెనక ముక్క పైకి. రెంటికీ వేర్వేరు నంబర్లు, వేర్వేరు తేదీలు. దారి అనేది స్థలానికి సంబంధించిన విషయం కాబట్టి మంజూరయ్యాక నేరుగా ఆసుపత్రికి వెళ్ళేది. వివరం మనిషికి సంబంధించింది కాబట్టి ఆ మనిషికి వెళ్ళేది. రెంటినీ ఒకేచోటికి పంపితే మళ్ళీ కలుసుకునే ప్రమాదం ఉందని డైరెక్టరు గారు ముందే కనిపెట్టారు.

కొన్ని లింకుల్లో ప్రశ్న గుర్తే ఉండదు, ఉత్త దారి మాత్రమే ఉంటుంది. అప్పుడు నా లైను వివరం స్థానంలో nil అని ఇస్తుంది. రూబీలో దానర్థం 'ఏమీ లేదు' అని. రోజూ నాలుగైదొందల నిల్‌లు వచ్చేవి. వాటిని అందంగా చుట్టి, రిబ్బను కట్టి, నిల్ రిపోర్టు పేరుతో సాయంత్రానికల్లా పైకి పంపేవాళ్ళం. కంప్యూటరుకు కూడా నిల్ రిపోర్టు ఇవ్వడం తెలుసని విని గుంపస్వామి చాలా ముచ్చటపడ్డాడు.

వివరంలో మధ్యనున్న & గుర్తు మీద కూడా డైరెక్టరు గారి కన్ను పడింది. "కార్డు ఒక విషయము, వారము ఇంకొక విషయము కదా?" అన్నారు. "దాన్ని రెండో దశలో పెట్టుకుందాం సార్" అన్నాను. దశలంటే ఆయనకు ఇష్టం. సరేనన్నారు.

ఇంతలో తనిఖీ అధికారి వచ్చాడు. సన్నగా, పొడిదగ్గుతో, నవ్వితే ఎవరికో లోకువైపోతానన్నట్టుండే మనిషి. రెండు విభాగాల్లోనూ ముక్కలు సరిచూసి, నన్ను నిలదీశాడు.

"లింకులో దారి ఉంది, ప్రశ్న గుర్తు ఉంది, వివరం ఉంది. విడదీశాక దారి వచ్చింది, వివరం వచ్చింది. ప్రశ్న గుర్తు ఏమైంది?"

"స్ప్లిట్ చేస్తే పోతుందండి. అది ఉత్త సరిహద్దు. విరిచాక దాంతో పనిలేదు."

"పనిలేదని ఎవరు ధ్రువీకరించారు? రోజుకు పదివేల ప్రశ్న గుర్తులు ప్రభుత్వ కార్యాలయంలోకి వస్తున్నాయి. ఒక్కటీ బయటికి పోయిన దాఖలా లేదు, లోపలున్న దాఖలా లేదు. ఎవరింటికి పోతున్నాయి?"

అయ్యబాబోయ్, నేను మా ఇంటికి పట్టుకుపోతున్నానని అనుమానం! ఇదిలా ఉంటే కత్తెర పట్టిన గుమస్తాల్లో కొందరు గుర్తును దారివైపు, కొందరు వివరంవైపు ఉంచి కోస్తున్నారని కూడా బయటపడింది. ఆ గుర్తు ఎవరిదన్న దాని మీద రెండు విభాగాలవాళ్ళూ కాంటీన్‌లో కూడా మాట్లాడుకోవడం మానేశారు. చివరికి డైరెక్టరు గారు మధ్యేమార్గంగా మూడో విభాగం పెట్టించారు. గుర్తుకు అటూ ఇటూ కత్తిరించి, గోరంత ఆ ముక్కను కవరులో పెట్టి, నంబరు వేసి, బీరువాలో భద్రపరిచే విభాగం. ఇంకెవరూ సొంతంగా ప్రశ్న గుర్తు తయారు చేయకూడదనీ, వాడకూడదనీ ఉత్తర్వు కూడా వచ్చింది. ఫ్యాను వేస్తే ప్రశ్న గుర్తులు ఎగిరిపోతాయని ఆ గదిలో ఫ్యాను నిషిద్ధం. ఎండాకాలంలో అక్కడి ఉద్యోగులు పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు.

అప్పటిదాకా ఇదంతా ఓపీ చీటీల లింకులతోనే సాగింది కనుక ఎవరూ చావలేదు. తిరిగారు, తిట్టారు, ప్రైవేటుకు పోయారు. ప్రయోగం సఫలమైందని డయాలసిస్ లింకులకు కూడా అమలు చేశారు. ఆదివారం నుంచి.

ఆ ఆదివారం హేమసుందరి ఫోను చేసింది. "మంచం బాబూ, నొక్కీసినాను. పడిందేటి?"

చూశాను. అచ్చు కాగితం కత్తెర కోసం ఎదురుచూస్తోంది. ఆదివారం కత్తెరకు సెలవు. ఇంకా పడలేదమ్మా అన్నాను. ఆవిడ ఫోను పెట్టేయకుండా ఉండటం నాకు అదే మొదటిసారి.

"పడనేదంటే ఏటి బాబూ? మూడేళ్ళ నుంచీ పడతన్నాది కదా?"

సోమవారం పోయింది. మంగళవారం ఆవిడే మా ఆఫీసుకు వచ్చింది, మొగుణ్ణి వెంటబెట్టుకుని. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. కాళ్ళు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. వాళ్ళను చూడటం నాకు అదే మొదలు. నేను పలకరించగానే గొంతు గుర్తుపట్టి ఆవిడ 'మంచం బాబు నువ్వేనా' అని నవ్వబోయి, నవ్వు రాక ఆగిపోయింది. నేను గుంపస్వామి దగ్గరికి తీసుకెళ్ళాను.

గుంపస్వామి చెడ్డవాడు కాదు. ముప్పయ్యేళ్ళుగా ఏ కాగితానికీ తనవల్ల ఆలస్యం జరగలేదని నిరూపించుకోవడంలోనే బతుకు గడిచిపోయింది, అంతే. ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "ఎవరికి రోగం?" అన్నాడు.

"ఈయనకి బాబూ."

"అడిగేదెవరు?"

"నాను."

"రోగం ఒక విషయం, అడగడం ఇంకో విషయం. ఇద్దరూ ఒక కౌంటర్ దగ్గరికి ఎలా వచ్చేశారమ్మా? ఎక్కడికెళ్ళాలో అడగాలంటే కింద. ఎవరికి కావాలో చెప్పాలంటే పైన. రోగిని కింద నిలబెట్టు, నువ్వు పైకెళ్ళు."

"ఆయన్నొగ్గీసి నానెలా ఎల్తాను బాబూ? కళ్ళు తిరిగి పడిపోతే పట్టుకునీవోడెవడు?"

"పడిపోవడం మా పరిధిలోకి రాదమ్మా."

ఆవిడ వాదించలేదు. మొగుణ్ణి గోడవారగా కూర్చోబెట్టి, చెప్పులు ఆయన ఒళ్ళో పెట్టి, మెట్లెక్కింది. ఒకసారి పైకి, ఒకసారి కిందికి, మళ్ళీ పైకి. ఒకసారి నా దగ్గర ఆగి ఎందుకిలా అని అడిగితే, కాగితాన్ని రెండు ముక్కలు చేశారనీ, మధ్యలో ఉండే గుర్తును బీరువాలో దాచారనీ చెప్పి, నేను నా గదిలోంచి చూస్తూ కూర్చున్నాను. ఏనాడూ లేనిది నాకు నామీద నాకే అసహ్యం వేసింది. నా శాలువా ఫొటో ఆ మెట్ల పక్కనే ఉంది. ఎక్కినప్పుడల్లా ఆవిడ దాన్ని దాటుకునే వెళ్ళింది.

ఏమైతేనేం, గురువారం లింకు రెండు వైపులా మంజూరైంది. పొద్దున్నే ఆవిడ ఫోను. "మంచం బాబూ, కాయితం వచ్చినాది. అయినా లోపలికి రానీట్లేదు. నువ్వోపాలి రా. ఈయనకి ఊపిరాడ్డం లేదు."

ఆసుపత్రి మా ఆఫీసుకు రెండు వీధులవతల. పరుగెత్తాను.

డయాలసిస్ వార్డులో ఆరో నంబరు పడక తెల్లటి దుప్పటితో సిద్ధంగా ఉంది. పక్కన యంత్రం దీపాలు వెలిగించుకుని, గొట్టాలు సర్దుకుని కూర్చుంది. పడక మీద మాత్రం ఎవరూ లేరు. తలుపు బయట బల్ల మీద ఢిల్లేశ్వరరావు ముందుకు వంగి, నోటితో గాలి పీలుస్తున్నాడు. ఆయనకూ ఆ పడకకూ మధ్య పది అడుగులుంటాయేమో.

వార్డు నర్సు ఎస్తేరు సిస్టరు నాకు ఆర్డరు చూపించింది. 'డయాలసిస్/పడక/6. మంజూరు చేయబడినది. రోగి: నిల్.'

"నిల్ గారి కోసం పొద్దుటి నుంచీ కాచుకుని కూర్చున్నానండి" అంది, ఏడవలేక నవ్వుతూ.

హేమసుందరి చేతిలో కాగితం చూశాను. 'కార్డు=4471&వారం=గురు. మంజూరు చేయబడినది. స్థలం: నిల్.'

"ఎక్కించెయ్యండి సిస్టర్. మనిషి కళ్ళముందే ఉన్నాడు కదా" అన్నాను.

"నాకు తెలీదా అండి? మూడేళ్ళుగా నేనే సూది పెడుతున్నాను. మొన్న పేరులేని ఆర్డరు మీద మూడో పడకకు మనిషిని ఎక్కించానని మెమో ఇచ్చారు. ఇంకోటి వస్తే ఇంటికే. పడకా పేరూ ఒక్క కాగితం మీద చూపించండి చాలు. అడిగినవాడి మొహాన పడేస్తాను."

నేను డైరెక్టరు గారికి ఫోను చేశాను. "రెండు ముక్కలూ మంజూరైనవి కదా, మన కార్యాలయము తరఫున జాప్యము లేదు" అన్నారాయన ప్రశాంతంగా. కలపడానికి అనుమతి ఇమ్మన్నాను. కలుపుట గురించిన విజ్ఞప్తి, దానికి కారణము, వేర్వేరు కాగితములపై పంపుమన్నారు. జీవితంలో మొదటిసారి పై అధికారి మాట్లాడుతుండగా ఫోను పెట్టేశాను.

హేమసుందరి మా ఇద్దరి మొహాలూ చూసింది. సిస్టరు చేతిలో కాగితం లాక్కుంది. సంచిలోంచి టిఫిను డబ్బా తీసి, మూత తిప్పి, నాలుగు అన్నం మెతుకులు గోటితో నలిపింది. రెండు కాగితాలనూ గోడకు ఆనించి, అంచుకు అంచు పెట్టి, మెతుకులు రాసి అతికించేసింది.

"మద్దిన ఏదో ఉంటాదన్నావు కదా బాబూ ఆవేళ, పైనా కిందా తిప్పినప్పుడు. బీరువాలో దాసీసినారని. అదేటి?"

"ప్రశ్న గుర్తమ్మా."

"ఎలాగుంటాదది?"

నా జేబులో పెన్ను తీసి గాల్లో గీసి చూపించాను. ఆవిడ పెన్ను తీసుకుంది. సంతకానికి వేలిముద్ర వేసే మనిషి. పళ్ళ బిగువున, అతుకు మీద ఒక వంకర గీత గీసింది, కొడవలిలాగా. దాని కింద పెన్ను గుచ్చి చుక్క పెట్టింది. కాగితం చిరిగినంత పనైంది.

"ఇదేనా?"

"ఇదేనమ్మా" అన్నాను.

ఎస్తేరు సిస్టరు కాగితాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివింది. డయాలసిస్, పడక ఆరు, ప్రశ్న గుర్తు, కార్డు నాలుగువేల నాలుగువందల డెబ్బై ఒకటి, గురువారం. "సరిపోయిందండి" అంది. నిల్ గారి పడక మీద ఢిల్లేశ్వరరావును పడుకోబెట్టారు. గంట గడిచేసరికి ఆయన ఊపిరి నెమ్మదించింది. రెండో గంటలో నిద్రపోయాడు. హేమసుందరి మిగిలిన అన్నం అక్కడే కూర్చుని తినేసింది.

నాకు మెమో రాకుండా ఉంటుందా? శనివారం వచ్చింది. 'బీరువాయందలి నిల్వలో లేని, రోగి భార్యచే స్వహస్తముతో తయారుచేయబడిన నకిలీ ప్రశ్న గుర్తును వాడుటకు సహకరించినందులకు సంజాయిషీ ఇవ్వవలెను. మరియు నీ కాంట్రాక్టు ఏల రద్దు చేయరాదో తెలుపవలెను.'

రెండుసార్లు చదివాను. కింద ఒక్క వాక్యం రాసి వెనక్కి పంపాను. 'ఈ కాగితమందు రెండు విషయములున్నవి. పద్నాలుగో నిబంధన చూడగలరు.'

శేషావతారం గారిని ఎన్నైనా అనండి, సిద్ధాంతం దగ్గర మాత్రం తనదీ పరాయిదీ అని చూసే మనిషి కాదు. తన మెమోను తన చేత్తోనే 'మరియు' దగ్గర కత్తిరించారు. నేరం రాసున్న ముక్క కిందికి వెళ్ళింది, అందులో నా పేరు లేదు. నా పేరున్న ముక్క పైకి వెళ్ళింది, అందులో నేరం లేదు. కింద 'వ్యక్తి: నిల్' అని తేల్చారట. పైన 'అభియోగం: నిల్' అని తేల్చారట. నేను ఇంకా తాత్కాలికంగానే ఉన్నాను.

నా లైను కింద ఇంకో లైను రాద్దామని రోజూ అనుకుంటాను. రెంటినీ తిరిగి కలిపే లైను. ఆ లైను రాయడానికి అనుమతి కోరుతూ పెట్టిన ఫైలు ఏ అంతస్తులో ఉందో తెలియదు. అయితే నిన్న బుధవారం హేమసుందరి ఫోను చేసినప్పుడు నేనే ముందు అడిగాను, "రేపటికి పడిందా అమ్మా?" అని.

"మీరు పడీసేదేటి బాబూ, నానే పడీసుకుంటాను" అంది. "ఈడ అందరికీ నేర్పీసినాను. మూడో మంచం ముసిలమ్మకీ, ఎనిమిదో మంచం మేస్త్రీ పెళ్ళానికీ. అన్నం మెతుకులూ పెన్నూ సంచీలోనే ఎట్టుకుంటన్నాం. వార్డులో ఇప్పుడు ఆ కొడవలి గుర్తు గీయడం రానోళ్ళు నేరు."

ఠక్కున పెట్టేసింది.